నగికి కట్టే తాడు

మేం పేనిన తాడును తీసుకెళ్లి హోటల్ లాబీలో గోడకు వేలాడదీశారు. పైన ఒక పచ్చదీపం, కింద చిన్న బోర్డు. చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అదేమన్నా గోడకు అలంకారమా? ఏటా వరికోతలు కాగానే మా తొచిహరా ఊరి ఆడవాళ్లం ఒకచోట చేరి, కొత్త గడ్డికి నీళ్లు చల్లి, చెక్కసుత్తితో మెత్తబడేదాకా కొట్టి, అరచేతుల మధ్య పేనుతాం. ముంజేయంత లావు తాడు. తొలి మంచు పడకముందే మగవాళ్లు దాన్ని భుజాన వేసుకుని కొండెక్కి, నగి అనే వాలు మొగదల ఉన్న రెండు పెద్ద బునా చెట్లకు అడ్డంగా కడతారు. గడ్డితాడు కట్టి ఉందంటే అవతలిది దేవుడి జాగా. ఒళ్లు తెలియకుండా తాగినవాడైనా దాటడు. అందుకే అక్కడ ఇనప కంచె గానీ, ప్రమాదం అన్న పలక గానీ మా వాళ్లు ఏనాడూ పెట్టలేదు. అసలు నగి అన్న మాటనే ఊళ్లో ఎవరూ రాయరు. రాస్తే పిలిచినట్టే అనేవాళ్లు పెద్దలు. ఊరంతా చందాలేసుకుని స్కీ లిఫ్ట్ నడుపుకున్న రోజుల్లో గీయించిన పటంలో కూడా ఆ చోటును ఏ పేరూ లేకుండా తెల్లగా వదిలేశారు.

ఆ తర్వాత కంపెనీ వచ్చి కొండను కొనేసింది. మేనేజరు మినెగిషి అని టోక్యో కుర్రాడు. మర్యాదలో వంక పెట్టడానికి లేదు. శరదృతువులో స్వయంగా మా ఇంటికొచ్చి, మిఠాయి డబ్బా నా చేతిలో పెట్టి నడుం వంచాడు.

"ఈ ఏడు తాడు మాకివ్వండి బామ్మగారూ. దాని గౌరవానికి తగ్గట్టు మేమే పెట్టుకుంటాం."

నమ్మి ఇచ్చాను. గౌరవంగా పెట్టుకోవడమంటే లాబీలో మేకుకు పెట్టుకోవడమని నాకేం తెలుసు?

ఆ సాయంత్రం లాబీలో 'పాత దారుల జ్ఞాపకాలు' అని సభ పెట్టారు. బస చేసినవాళ్లు కుర్చీల్లో కూర్చుని వింటుంటే, ఊరి ముసలాళ్లు మైకులో పాత స్కీ దారుల గురించి చెప్పాలి. ముసలాళ్లందరికీ ఎర్ర చొక్కాలు తొడిగారు. గుండెల మీద తెల్లటి అక్షరాలతో 'ఇంకోసారి!' అని రాసి ఉంది. మధ్యలో పెళ్లికొడుకులా మా పెద్దన్నయ్య యసాబురో.

మొదట్లో బాగానే సాగింది. అబద్ధం చెప్పడమెందుకు, నాకూ సరదాగానే అనిపించింది.

"కోడలేడుపు వాలు గుర్తుందా?" అని ఎత్తుకున్నాడు మా పక్కింటి కాజిరో.

"ఎందుకుండదు? మా ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో అక్కడే పడి, నాతో మాట్లాడ్డం మానేసింది" అన్నాడు ఇంకో ముసలాయన.

"పడినందుకు కాదులేవోయ్. లేవగానే ఎదురుగా నీ మొహం కనబడింది కదా, అందుకు!"

అందరూ నవ్వారు. మిసో వాలు సంగతొచ్చింది. దాని అడుగున మిసో, అదే సోయా ముద్ద, పులియబెట్టే కొట్టం ఉండేది, వాసన ముక్కుకు తగిలిందంటే ఇక కాళ్లు బిగబట్టాలని లెక్క. నక్కమలుపు సంగతొచ్చింది. మనిషికొక్క కుర్చీ ఉండే పాత లిఫ్టు సంగతొచ్చింది. ఆ కుర్చీల మీది మంచును చీపురుతో ఊడ్చి, ఎక్కినవాళ్ల ఒళ్లో దుప్పటి పడేసే పని నాది. వెకిలివేషాలు వేసినవాడికి అదే చీపురు వీపున పడేది.

"షిగెనో చీపురు దెబ్బ నాకు ఇప్పటికీ చలికాలంలో సలుపుతుంది" అన్నాడు కాజిరో.

"మళ్లీ కావాలా?" అన్నాను.

ఇప్పుడా దారులన్నిటికీ డైమండు, పనోరమా, క్రిస్టల్ అని పేర్లు. డైమండట! మా మామగారు ముల్లంగి దుంపలు మంచులో పాతిపెట్టుకునే చోటది.

అంతలో మినెగిషి లేచి, గోడ పక్కన కప్పి ఉంచిన పెద్ద పలక మీది గుడ్డ లాగాడు. బునా చెట్ల ఫొటో, దాని మీద పెద్ద అక్షరం. నగి.

రాయడమే తప్పనుకుంటే, రాసిన అక్షరం అంతకన్నా తప్పు. నగి అంటే మాకు కోత. కొడవలితో గడ్డి కోసినట్టు పైనుంచి మంచు జారి చెట్లను కోసుకుపోయే చోటు. మా రాతలో దాని అక్షరానికి నెత్తిన గడ్డి గుర్తు ఉంటుంది. అదే పలుకుతో ఇంకో మాట కూడా ఉంది. గాలి పడిపోయి సముద్రం కదలకుండా ఉంటుంది చూడండి, దాన్నీ నగి అంటారు. గాలి గుర్తు గీసి లోపల 'ఆగు' అని రాస్తారు. వీళ్లు రాసింది అది. కోతను తెచ్చి ప్రశాంతత చేసి కూర్చోబెట్టారు.

"రేపు ఉదయం మన నగి వనం మొదటిసారి తెరుస్తున్నాం" అన్నాడు మినెగిషి మైకులో. "చెట్లు ఎడంగా ఉంటాయి, వాలు మెత్తగా ఉంటుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు. మొదటి జట్టును తీసుకెళ్లేది మన కొత్త శిక్షకురాలు నవోగారు."

నవో లేచి వంగి దండం పెట్టింది. మా అమ్మాయి కూతురు. నగోయాలో పుట్టి పెరిగి, ఉద్యోగానికని ఈ చలికాలమే నా దగ్గరికొచ్చింది. నా వైపు చూసి సిగ్గుపడుతూ నవ్వింది.

"ఇప్పుడు యసాబురోగారు ఆ కథ చెప్తారు" అన్నాడు మినెగిషి.

ఆ కథ ఊరందరికీ వచ్చు. మా నడిమి అన్నయ్య సెయికిచి. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్లు. ఈ కొండ మీద వాడిలా స్కీలు నడిపినవాడు లేడు.

"అప్పట్లో నగిలోకి వెళ్లే దమ్ము ఎవడికుంది?" అని మొదలుపెట్టాడు పెద్దన్నయ్య, మైకును రెండు చేతులా పట్టుకుని. "మావాడు వెళ్లాడు. నేను పక్కదారిన దిగి కింద చూస్తున్నాను. ఒకటే ఊపు. చెట్ల మధ్య నుంచి వాడొస్తుంటే చప్పుడు లేదు, మంచుపొడి మాత్రం లేస్తోంది. కిందికొచ్చాడు. కనురెప్పల నిండా మంచు. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. నావైపు చూసి ఏమన్నాడో తెలుసా?" ఇక్కడ ఆగి అందరినీ చూశాడు. "ఇంకోసారి! అన్నాడు."

చప్పట్లే చప్పట్లు. ముసలాళ్లంతా చొక్కాల మీది అక్షరాలు చూపించుకుంటూ నవ్వారు.

కథ అక్కడితో ఆపేస్తాడు మా పెద్దన్నయ్య. ఎన్నేళ్లుగానో అక్కడే ఆపేస్తున్నాడు. వాడి కథలో సెయికిచి ప్రతిసారీ కిందికి చేరతాడు, ప్రతిసారీ నవ్వుతాడు. ఇంకోసారి అన్నవాడు ఇంకోసారి వెళ్లాడు కదా. ఆ ఇంకోసారి మంచు కొండ మీదినుంచి ఊడిపడింది. వసంతం వచ్చేదాకా మా అమ్మ రోజూ ఆ వాలు అడుగున నిలబడింది. మే నెలలో మంచు కరిగాక వాగు ఒడ్డున దొరికాడు. తవ్వేవాళ్లకు టీ మోసింది నేను.

అన్నయ్య మనసు నాకు తెలియక కాదు. తమ్ముడిని కథలోనైనా బతికించుకుంటున్నాడని ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను. కానీ ఆ కథ నమ్మి నా మనవరాలు రేపు పొద్దున జట్టును వెంటేసుకుని అందులోకి దిగబోతోంది. ఇంకేం ఊరుకునేది?

"ఏమయ్యా మేనేజరూ, సముద్రం ఎక్కడుందిక్కడ?" అన్నాను లేచి.

"బామ్మగారూ?"

"ఆ అక్షరం సముద్రానిదయ్యా! ఈ ఊళ్లో సగం మంది సముద్రం మొహం చూడకుండానే పోయారు. మా తాతలు ఏ పడవలేసుకుని తిరిగారని ఆ పేరు పెడతారు? అది కోత. మంచు కోసే చోటు. చెట్లు ఎడంగా ఉన్నాయని మురిసిపోతున్నావే, మధ్యలో చెట్లేమయ్యాయని అడిగావా ఎవర్నన్నా? నీ ఫొటోలోనే చూడు, ప్రతి చెట్టుకీ మొదలు కిందికి వంగిపోయి ఉంది. ఊరికే వంగిందా?"

మినెగిషి మొహం పాలిపోయింది. అంత చెడ్డవాడు కాదు. "యసాబురోగారే పేరు చెప్పారండీ. అక్షరం మేం నిఘంటువులో చూసుకున్నాం" అన్నాడు.

"సెయికిచి పోయింది అక్కడే. మా పెద్దన్నయ్యనే అడుగు."

అందరూ అన్నయ్య వైపు తిరిగారు. అన్నయ్య మైకును కిందికి దించాడు. కాజిరో, మిగతావాళ్లు కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఒకడి కొడుకు లిఫ్టు దగ్గర పని, ఒకడి కోడలు వంటింట్లో పని, ఎవడు నోరు విప్పుతాడు?

"సెయికిచి వాగులో పోయాడు" అన్నాడు అన్నయ్య మెల్లగా. "షిగె అప్పటికి చిన్నపిల్ల. దానికేం గుర్తుంటుంది?"

ఒళ్లంతా కారం రాసినట్టయింది నాకు. టీ మోసిన చేతులు ఇవి. అలాంటి నాకు గుర్తులేదట!

"నిన్న మా రక్షణ సిబ్బంది కూడా దిగి చూశారు బామ్మగారూ, ఏమీ కాలేదు" అన్నాడు మినెగిషి, నన్ను ఓదారుస్తున్నట్టు.

ఇక మాటలతో పనిలేదని, చెప్పులు విడిచి, గోడ కింద సోఫా మీదికెక్కి తాడు లాగేశాను. దీపం ఊగింది. ఎవరో అయ్యయ్యో అన్నారు. తాడు చేతిలోకి రాగానే తెలిసింది, తేలికగా ఉంది. రెండు కొసలూ కత్తెరతో కోసేసి ఎర్ర రిబ్బన్లు కట్టారు. గోడకు సరిపడా కోశారన్నమాట. మిగిలింది ఏమైందా అని చూస్తే, కౌంటరు మీద బుట్టలో ఉంది. చిన్న చిన్న చుట్టలుగా చుట్టి, తాళంచెవులకు తగిలించుకునే తాయెత్తులు చేసి అమ్ముతున్నారు. పైన రాసి ఉంది, 'నగి ప్రశాంతత' అని.

"అమ్మమ్మా, దిగు. నీకు దండం పెడతాను" అంది నవో. దాని కళ్లనిండా నీళ్లు. "ఇది నా మొదటి ఉద్యోగం. నా పరువు తీయకు."

తాడు భుజాన వేసుకుని బయటికొచ్చేశాను. వెనక నుంచి అన్నయ్య "షిగె!" అని పిలిచాడు. నేను తిరిగి చూడలేదు.

రాత్రంతా కొత్త మంచు పడింది. తెల్లారేసరికి ఆకాశం శుభ్రంగా ఉంది, ఎండ వెచ్చగా ఉంది. పాత మంచు మీద కొత్త మంచు, దాని మీద ఎండ. నగికి ఇంతకన్నా ఏం కావాలి? లిఫ్టు దగ్గర ఉన్నది కాజిరో కొడుకు. నా భుజం మీది తాడు చూసి, నోరెత్తకుండా కుర్చీ మీది మంచు ఊడ్చి పెట్టాడు.

నగి మొగదలకు చేరి ఒక కొస కుడివైపు బునాకు కట్టాను. రెండో కొస పట్టుకుని ఎడమవైపు నడిస్తే, చెట్టు దాకా అందలేదు. ఒక వాకిలంత ఖాళీ మిగిలిపోయింది. తాయెత్తులకు పోయిన తాడు! తిట్టుకుంటూ ఆ ఖాళీలో నేనే నిలబడ్డాను, కొసను ముంజేతికి చుట్టుకుని. మోకాళ్ల దాకా మంచు. నా వెనక ఆ వాలు ఎంతో అందంగా ఉంది. దాని అందమే దాని మాయ.

కాసేపటికి వచ్చారు. ముందు నవో, వెనక రంగురంగుల బట్టల్లో కాళ్లు తడబడుతూ కొత్తవాళ్లు, కెమెరా పట్టుకుని మినెగిషి. అందరికన్నా వెనక ఎర్ర చొక్కాలో మా అన్నయ్య. జట్టు దిగబోయే ముందు ఇక్కడ నిలబడి ఆ కథ చెప్పాలని వాడిని పిలుచుకొచ్చారు.

నన్ను చూసి నవో ఆగిపోయింది.

"పక్కకు జరుగు అమ్మమ్మా."

"జరగను."

"అందరూ చూస్తున్నారు."

"చూడనీ. చూడ్డానికే కదా డబ్బులిచ్చి వచ్చింది."

"నా ఉద్యోగం పోతుంది!"

"పోతే పోనీ. బతికుంటే బలుసాకు తిని బతుకుతావు."

"బామ్మగారూ, దయచేసి..." అంటూ మినెగిషి ముందుకొచ్చాడు. "నిన్న కూడా చూశాం కదా. ఏమీ కాలేదు."

"మొదటిసారి ఎవరికీ ఏమీ కాదయ్యా! సెయికిచికి మాత్రం అయిందా? అది మొదటిసారి పోనిస్తుంది. పోనిచ్చి నవ్విస్తుంది. నవ్వినవాడు మళ్లీ వస్తాడని దానికి తెలుసు. నీ చొక్కాల మీద నువ్వే రాయించుకున్నావు, చదువుకో."

నవో ఒక్కసారిగా అరిచింది. "తాతయ్యేమో ఏం లేదంటాడు! నువ్వేమో చస్తామంటావు! నేనెవర్ని నమ్మాలి? చెప్పండి, మీ ఇద్దరిలో ఎవర్ని నమ్మాలి?"

అన్నయ్య దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. చెట్టు కొమ్మ మీది నుంచి మంచు ముద్ద ఒకటి జారి మా మధ్య పడింది.

ఆ ఇబ్బందిని ఎలా దాటాలో తెలియక కాబోలు, జట్టులో నీలం టోపీ పెట్టుకున్న ఒకావిడ అన్నయ్యను పలకరించింది. పాపం, మర్యాదస్తురాలు. రాత్రి సభలో ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది ఆవిడే.

"మీ తమ్ముడుగారు 'ఇంకోసారి' అన్నారన్నారు కదండీ. మరి వెళ్లారా, ఇంకోసారి?"

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఊళ్లో అందరికీ తెలుసు గనుక అడగలేదు, బయటివాళ్లు చప్పట్లు కొట్టే తొందరలో అడగలేదు. అన్నయ్య వయసు మొత్తం ఒక్కసారిగా మొహంలోకి వచ్చేసింది.

"వెళ్లాడమ్మా" అన్నాడు.

ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. తర్వాతి మాట కోసం చూస్తోంది.

"వెళ్లాడు. కిందికి రాలేదు."

అన్నయ్య వంగి, స్కీల బిగింపులు ఒకటొకటే విప్పుకున్నాడు. సాయానికి మినెగిషి చెయ్యి చాస్తే తోసేశాడు. మంచులో దిగబడుతూ, ఒక్కో కాలూ లాక్కుంటూ నా దాకా వచ్చాడు. నా మొహంలోకి చూడలేదు. నేను పట్టుకున్న తాడు కొసను చూశాడు.

"వాడు దాన్ని దాటనన్నాడే, షిగె. దేవుడి తాడన్నాడు. భయపడ్డాడు. నేనే వెక్కిరించాను, ఆడపిల్లవా అని. తాడు నేనే ఎత్తి పట్టుకున్నాను, కింద నుంచి దూరి వెళ్లమని. రెండుసార్లూ నేనే ఎత్తాను."

నవో స్కీలు వెనక్కి తిప్పిన చప్పుడు వినబడింది. "అందరూ నా వెనకే రండి. వచ్చిన దారినే, మెల్లగా" అంటోంది జట్టుతో. మినెగిషి కెమెరా కిందికి దించేసి దాని వెనకే నడిచాడు.

నేనూ అన్నయ్యా మిగిలాం. మా అమ్మ మే నెల దాకా నిలబడిందే ఆ వాలు అడుగున, రోజూ ఆమె పక్కనే నిలబడ్డాడు వీడు. ఒక్క మాట చెప్పలేదు. ఆమె చచ్చిపోయేదాకా చెప్పలేదు. దేవుడి తాడును నా కొడుకు ఎలా దాటాడురా, అంత గర్వమెక్కడిదిరా వాడికి అని ఆమె ఏడుస్తుంటే పక్కన కూర్చుని విన్నాడు. నిన్న రాత్రేమో అందరి ముందూ నన్ను గుర్తులేనిదాన్ని చేశాడు. చెంప పగలగొడదామని చెయ్యి లేచింది కూడా. ఆ చేతికే తాడు చుట్టుకుని ఉంది.

"ఇలా ఇవ్వు" అన్నాడు చెయ్యి చాపి. "నువ్వు చలికి వణుకుతున్నావు. నేను నిలబడతాను."

"చలికి కాదు" అన్నాను.

ముంజేతి నుంచి తాడు విప్పి వాడి చేతిలో పెట్టాను. రెండు చేతులా పట్టుకున్నాడు, పొట్టకు ఆనించుకుని, వీలైనంత కిందికి.

"ఈసారి ఎత్తావంటే చంపేస్తాను" అన్నాను.